మైకల్ కొండల ఋతుభోజనం – తెలుగు పలుకు

బిలాస్‌పూర్ చరిత్రను రైలుతో ప్రారంభించడం పరిపాటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరునుండి ఆసన్‌సోల్‌వరకు వేసిన ప్రధానమార్గం 1891లో పూర్తయినది. బిలాస్‌పూర్‌వద్ద చీలిన కట్నీ శాఖ మైకల్ కొండలనెక్కి, భన్వర్‌టోంక్ అడవులమీదుగా పేండ్రారోడ్డు చేరుతుంది. రైల్వే కొలువులకై ఉత్తరాంధ్రనుండి వచ్చిన తెలుగు కుటుంబాలు పట్టణంలోని రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడినవి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో పుట్టినూళ్లతో వారి రాకపోకలు సులభమైనవి.

కాని ఆ కొండలలో రైలుకంటె ప్రాచీనమైన కాలపట్టిక మరొకటి ఉన్నది. అది గోండు, బైగా ప్రజల వంటింటిది. వసంతంలో ఇప్పపూవు రాత్రివేళ రాలుతుంది. ఎండ ముదరకముందే ఆడవారు, పిల్లలు దానిని బుట్టలకెత్తుతారు. ఎండబెట్టి దాచిన పూవు తిండికి కటకటలాడే వానాకాలంలో ఆసరా. వేసవిలో సారపండ్లు, తునికిపండ్లు వస్తవి. ఆ వెనుక ఇప్పగింజల నూనె. తొలకరికి గుగ్గిలపు చెట్లక్రింద నేలలో ‘పుటూ’ అనే పుట్టగొడుగు పుడుతుంది, పిమ్మట వెదురుకొమ్ములు. మన లెక్కకు ఆషాఢమైన అమావాస్యను అక్కడ శ్రావణ అమావాస్య అంటారు. ఆనాడు మైదానపు రైతులు హరేలీ పండుగ జరిపి, నాగలికి, పనిముట్లకు బెల్లపు అట్లు నివేదిస్తారు. శరత్తునుండి అరికలు, సామలు ఇల్లు చేరుతవి. పుష్య పూర్ణిమనాడు ఛేర్‌ఛేరా: పిల్లలు ఇంటింటికి తిరిగి కొత్త ధాన్యం అడుగుతారు, లేదనడం ఆచారం కాదు.

ఈ ఆహారాన్ని వింతగా వర్ణించి ఊరుకొనుట చరిత్ర కాదు. 1896–97, 1899–1900 కరవులు మధ్యపరగణాలను పీడించినపుడు పూవులు, గింజలు, దుంపలే కొండవారి ప్రాణాధారాలు. కరవునాడు ధాన్యం తెచ్చిన రైలే మంచి ఏడులలో ధాన్యాన్ని తరలించుకొనిపోయినది. అదే కాలంలో అటవీశాఖ బైగాల ‘బేవర్’ పోడును నిషేధించి, 1890లో దానిని మండ్లా జిల్లాలోని ‘బైగాచక్’ అను పరిమిత ప్రాంతానికి కుదించినది. వెరియర్ ఎల్విన్ 1939లో ప్రచురించిన ‘ది బైగా’ గ్రంథం ఆ ప్రజల జీవితానికి విస్తృతమైన సాక్ష్యం.

ఇక్కడ తెలుగు రచయితకు సంబంధించిన విషయమొకటి కలదు. ఛత్తీస్‌గఢ్ కథలను హిందీద్వారానో, ఇంగ్లీషుద్వారానో తెలుగు చేసేటప్పుడు ‘మహువా’, ‘తెందూ’, ‘కోదో’, ‘కుట్కీ’ అను మాటలు యథాతథంగా మిగిలిపోవడం కద్దు. మహువా ఇప్ప కాదా? తెందూ తునికి, కోదో అరిక, కుట్కీ సామ. చిరోంజీ మన సారపప్పే. రాత్రి అన్నంలో నీరు పోసి ఉదయం తినే ‘బాసీ’ తెలుగువారి చద్దన్నమే. ఆదిలాబాదు గోండులకును, విశాఖ మన్యంవారికిని ఇప్పచెట్టు ఇంటి చెట్టు. అట్టి మాటను పరాయిదిగా అచ్చువేస్తే పాఠకుడు తనకు తెలిసిన అడవినే గుర్తించలేడు.

అయితే ప్రతి మాటకు సమానార్థకం వెదకుటయు పొరపాటే. ‘పేజ్’ను అంబలి అనవచ్చును, ‘పుటూ’ను పుట్టగొడుగు అని మాత్రమే చెప్పితే ఆ తొలకరి, ఆ గుగ్గిలపు నీడ పోతవి. ఏ మాట మనదో, ఏ మాట వారిదో తేల్చగలవారు నిఘంటుకర్తలకంటె ముందు అక్కడి తెలుగు ఇళ్లలోని పెద్దలు. సంతలో పండును అమ్మేవారి పేరుతో అడిగి, ఇంట తమ పేరుతో పిలిచిన తరమది. ఆ రెండు పేర్లను కలిపి వ్రాసిపెట్టుకొనక ఆ తరం గడచిపోతే, అనువాదానికి మిగిలేది పటంలోని ఊరి పేరే గాని ఊరి అన్నం కాదు.