లిబెర్దాదె

లిబెర్దాదె, జాషువా స్లోకం 1888లో బ్రెజిల్ తీరాన కట్టిన 35 అడుగుల తెరచాప పడవ. ఆ ఏడాది జూన్ నుంచి డిసెంబరు దాకా స్లోకం, ఆయన భార్య హెట్టీ, కొడుకులు విక్టర్, గార్‌ఫీల్డ్ అందులోనే కాపురముంటూ పరనగువా నుంచి వాషింగ్టన్ చేరుకున్నారు. భూగోళాన్ని ఒంటరిగా చుట్టివచ్చిన తొలి నావికుడిగా స్లోకం పొందిన కీర్తి (స్ప్రే పడవ, 1895–98) వెనక ఈ ప్రయాణం మరుగున పడింది. ఒక కుటుంబం నెలల తరబడి చిన్న పడవలో ఎలా బతికిందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం స్ప్రే కంటే ఇదే ముఖ్యం.

వివరాలకు ప్రధాన ఆధారం స్లోకం స్వయంగా 1890లో బోస్టన్‌లో అచ్చు వేయించిన ‘వాయేజ్ ఆఫ్ ది లిబెర్దాదె’. విక్టర్ రాసిన తండ్రి జీవితచరిత్ర 1950లో వచ్చింది. వాల్టర్ టెల్లర్ పరిశోధన 1956 నాటిది. కొలతలకూ సరుకులకూ ఈ వ్యాసం మొదటి పుస్తకాన్నే అనుసరిస్తుంది. ప్రయాణం ముగిసిన రెండేళ్లలోపు రాసినది కాబట్టి దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నిర్మాణం

స్లోకం సొంత ఓడ అక్విడ్‌నెక్ 1887 డిసెంబరులో పరనగువా అఖాతంలో ఇసుక మేట మీదికెక్కి పాడైపోయింది. దానికి బీమా లేదు. స్వదేశానికి పోవడానికి కుటుంబమంతా కలిసి పడవ కట్టుకుంది. అడుగుకు ఇనుమంత గట్టి చెక్క, పక్కలకు ఎర్ర దేవదారు పలకలు వాడారు. మేకులకు వేయాల్సిన బిళ్లల కోసం పెద్ద రాగి నాణేలను సాగగొట్టి, ముక్కలు చేసి, నడుమ చిల్లులు పొడిచారు. చాపలు హెట్టీ కుట్టింది. విక్టర్ వడ్రంగం చేశాడు, తాళ్లు పేనాడు, చెప్పిన పనల్లా చేశాడు. అప్పటికి అతనికి 16 ఏళ్లు. గార్‌ఫీల్డ్‌కు ఏడేళ్లు.

పడవ ఆకారానికి మసాచుసెట్స్‌లోని కేప్ ఆన్ జాలరుల డోరీ పడవలు, ఒక జపాన్ సంపాన్ పడవ ఫొటో ఆధారమని స్లోకం చెప్పాడు. వెడల్పు ఏడున్నర అడుగులు, లోతు మూడడుగులు. పడవ ఒరిగినా తేలేలా రెండు పక్కలా వెదురు బొంగుల కట్టలు బిగించారు. చాపలు చైనా జంకు ఓడల తరహావి, అడ్డంగా వెదురు బద్దలు వేసినవి. గాలి పెరిగితే తాడు వదిలితే చాలు, చాప మడతలు మడతలుగా కిందికి దిగుతుంది. పనికి అందుబాటులో ఉన్నది ఇద్దరే అయిన పడవకు ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. నీళ్లలోకి దించింది మే 13న. బ్రెజిల్‌లో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం వచ్చింది ఆ రోజే. ‘స్వేచ్ఛ’ అనే అర్థంలో పెట్టిన పేరుకు అదే కారణం.

నివాసం, తిండి

తేలిక సామాను పడవ రెండు కొసల్లో, బరువైనది నడుమ అడుగున సర్దారు. ఆ బరువు మీద పలకలు పరిచి నేల చేశారు. దానిపైన వెదురు చట్రానికి టార్పాలిన్ కప్పి గది చేశారు. దాని పొడవు 12 అడుగులు, నేల నుంచి పైకప్పుకు ఎత్తు నాలుగు అడుగులు. పెద్దవాళ్లు అందులో నిలబడలేరు. కూర్చోవడం, పడుకోవడం, బట్టలు మార్చుకోవడం, వానలో తలదాచుకోవడం అన్నీ ఆ నాలుగడుగుల ఎత్తులోనే.

బయలుదేరినప్పటి సరుకుల జాబితాను స్లోకం పూర్తిగా ఇచ్చాడు: ఓడ బిస్కెట్లు 120 పౌన్లు, ఎండబెట్టిన గొడ్డుమాంసం 100, పంచదార 30, గోధుమపిండి 25, పందిమాంసం 20, ఎండు కాడ్ చేప 20, కాఫీ 9, టీ 3, వీటికి తోడు రెండు సీసాల తేనె, 200 నారింజలు, ఆరు అరటి గెలలు, చిన్న బుట్టెడు పెండలం దుంపలు, డజను చెరుకు గడలు. కాఫీ గింజల్ని నల్లగా వేయించి, గోధుమపిండంత మెత్తగా దంచారు. ఇలా చేస్తే సగం కాఫీతోనే సరిపోతుందనీ, రుచీ ఎక్కువనీ ఆయన మెచ్చుకున్నాడు. మందుల పెట్టెలో బ్రెజిల్ గింజలు, మిరియాలు, దాల్చినచెక్క తప్ప ఇంకేమీ లేవు. తుపాకులు, కత్తులు మాత్రం ఉన్నాయి.

మంచినీళ్లు 120 గ్యాలన్లు, అంటే సుమారు 450 లీటర్లు. తలకు రోజుకు ఒక గ్యాలన్ చొప్పున నలుగురికి 30 రోజులు వస్తాయి. అన్నిటికంటే సుదీర్ఘమైన మజిలీ పెర్నాంబుకో నుంచి బార్బడోస్‌కు. 2,150 మైళ్లు 19 రోజుల్లో దాటారు. ఆ లెక్కన నీళ్లకు ఇబ్బంది పడే అవకాశం తక్కువ. చుక్కాని దగ్గర ప్రధానంగా తండ్రీ, పెద్దకొడుకూ వంతులు వేసుకున్నారు.

ప్రయాణం

జూన్ 24న బయలుదేరారు. రేవు అధికారులు ఇచ్చింది చేపలు పట్టుకునే అనుమతి పత్రమే. ఎంత దూరం పోయి పట్టుకోవచ్చో అందులో లేదు. మొదటి రోజుల్లోనే పెనుగాలికి చాపలు చిరిగిపోయాయి. శాంటోస్ నుంచి రియో దాకా ఫైనాన్స్ అనే అమెరికన్ స్టీమరు వెనక తాడు కట్టుకుని వెళ్లారు. హెట్టీ, గార్‌ఫీల్డ్ స్టీమరు ఎక్కారు. స్లోకం పడవలో చుక్కాని పట్టుకుంటే, విక్టర్ గొడ్డలితో తాడు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. పడవ మునిగేలా ఉంటే క్షణంలో తాడు తెంపాలి. గంటకు 13 మైళ్ల వేగంతో లాగుతున్న స్టీమరు వెనక అంత చిన్న పడవలో ఆ కుర్రవాడు చేసిన కాపలా ఈ ప్రయాణంలోకెల్లా కఠినమైన పని అనవచ్చు.

రియో దాటాక ఒక రాత్రి తిమింగలం పడవ కిందనుంచి లేచి దెబ్బ తీసింది. తర్వాత బహియా, పెర్నాంబుకో, బార్బడోస్, ప్యూర్టో రికో మీదుగా అక్టోబరు 28న దక్షిణ కరోలినాలోని కేప్ రోమన్ చేరారు.

సముద్రంపై గడిపిన రోజుల సంఖ్య రెండు రకాలుగా కనిపిస్తుంది. చాలా సంగ్రహాలు 55 అంటాయి. 5,510 మైళ్ల దూరానికి రోజుకు సగటున 103 మైళ్లని స్లోకం ఇచ్చిన లెక్క 53 రోజులకే సరిపోతుంది కనుక 53నే తీసుకోవడం మేలు. బయలుదేరిన నాటి నుంచి కేప్ రోమన్ దాకా మొత్తం 126 రోజులు. అంటే సగానికి పైగా రోజులు రేవుల్లో, లంగరు వేసుకునే గడిచాయి. తీరం వెంట సాగే పడవ జీవితం సముద్రంపై ఎంతో, ఒడ్డున కూడా అంతే నడుస్తుందన్న సంగతిని, ఈ ప్రయాణాన్ని సాహసగాథగా చెప్పే కథనాలు వదిలేస్తాయి. పండ్లు కొనడం, పీపాలు నింపడం, పగుళ్లు పూడ్చడం, కాగితాల కోసం తిరగడం, తడిసిన పరుపులు ఆరబెట్టడం లేకుండా అంత బరువు మోసే చిన్న పడవ ముందుకు కదలదు.

హెట్టీ

హెట్టీ స్లోకానికి రెండో భార్య. మొదటి భార్య వర్జీనియా 1884లో బ్యూనస్ ఏర్స్‌లో చనిపోయింది. 1886లో పెళ్లయినప్పుడు హెట్టీ వయసు 24. ఆమె కష్టం గురించి భర్త పుస్తకంలో ఉన్నది తక్కువ. వంట, బట్టలు, ఏడేళ్ల పిల్లవాడి ఆలనాపాలనా ఎక్కువగా ఆమె మీదే పడ్డాయని అనుకోవచ్చు. ఈ ప్రయాణం తర్వాత ఆమె భర్తతో మళ్లీ సముద్రయానం చేయలేదు. ఆమె నిర్ణయాన్ని పిరికితనంగా చూడటం అన్యాయం. 126 రోజులు నాలుగడుగుల కప్పు కింద సంసారం నడిపిన మనిషి ఆమె.

కేప్ రోమన్ నుంచి లోతట్టు జలమార్గాల్లో నార్‌ఫోక్ మీదుగా డిసెంబరు 27న వాషింగ్టన్ చేరి చలికాలం అక్కడే గడిపారు. 1889లో న్యూయార్క్, బోస్టన్‌లకు వెళ్లారు. స్లోకం 1908లోనో 1909లోనో స్ప్రేలో బయలుదేరి అదృశ్యమయ్యాడు. చట్టప్రకారం అంగీకరించిన తేదీ 1909 నవంబరు అయినా, ఇటీవలి పరిశీలకులు 1908 వైపే మొగ్గుతున్నారు.