క్యాడ్ సాఫ్ట్‌వేర్ (మెకానికల్)

యంత్రభాగాలను కంప్యూటర్‌లో కొలతలతో సహా రూపొందించే సాఫ్ట్‌వేర్. 1963 నాటి ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ దీని తొలి మెట్లలో ఒకటి. బుల్‌డోజర్లు, ఎక్స్‌కవేటర్ల లాంటి భారీ యంత్రాల డిజైన్‌కు 1982లో వచ్చిన ఆటోక్యాడ్ కంటే, 1980ల చివర ప్రో/ఇంజనీర్ తెచ్చిన పారామెట్రిక్ పద్ధతే అసలు మలుపు. ఈ పద్ధతిలో ఎక్స్‌కవేటర్ బకెట్ పిన్ను వ్యాసం 80 మి.మీ. నుంచి 90కి మారిస్తే, దానితో ముందే ముడిపెట్టిన బుష్షు, రంధ్రం, డ్రాయింగులో కొలత వాటంతటవే మారతాయి. ముడులు అడ్డదిడ్డంగా వేస్తే మాత్రం ఒక్క అంకె మార్చగానే మోడల్ నిండా ఎర్రర్లే! సాలిడ్‌వర్క్స్ 1995లో ఈ పద్ధతిని మామూలు విండోస్ కంప్యూటర్లకు చేర్చింది. భాగం బరువు మోస్తుందా లేదా అన్నది ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణతో చూస్తారు.