గంజీఫా కూర్పులో వెల, న్యాయం

పేకాటలో కళావరు, ఆఠీను అనే మాటలు మనకు డచ్చి వర్తకుల క్లావెర్, హార్టెన్ల నుంచి వచ్చాయి. పదిహేడో శతాబ్దిలో మచిలీపట్నం, పులికాటు రేవుల్లో వారి వర్తకశాలలు ఉండేవి. మాటకు మూలం వెతకడం మాకు వృత్తిధర్మం కనుక అక్కడే మొదలుపెట్టాం. కాని ఈ వ్యాసం ఆ నాలుగు జాతుల ముక్కల గురించి కాక, వాటి ధాటికి మరుగునపడిన గుండ్రటి ముక్కల ఆట గంజీఫా గురించి. ఆటను చవకగా తయారుచేయడం ఎలా, ఆడేవారిలో ఎవరికీ అన్యాయం జరగకుండా కూర్చడం ఎలా అన్న రెండు ప్రశ్నలకు ఈ దేశపు చిత్రకారులు, ఆటగాళ్లు ఇచ్చిన జవాబులు అందులో ఉన్నాయి.

1527లో సింధు పాలకుడు షా హుస్సేన్ కోరగా బాబరు అతనికి గంజీఫా ముక్కలు పంపినట్టు బాబర్‌నామాలో ఉంది. ఆ శతాబ్ది చివర అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో పన్నెండు రంగుల ఆటను వర్ణించాడు. తరువాత ఎక్కువగా వ్యాపించినది ఎనిమిది రంగుల ఆట. ఒక్కొక్క రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. మొత్తం 96. హిందూ సంప్రదాయంలో దీనికి దశావతారాల రూపం వచ్చింది. అందులో పది రంగులు, 120 ముక్కలు.

ఈ సంఖ్యలను కాస్త నిలిచి చూడాలి. గంజీఫా ముఖ్యంగా ముగ్గురు ఆడే ఆట. జట్లు లేవు, ఎవరి ఆట వారిదే. 96ను ముగ్గురికి పంచితే తలా 32 వస్తాయి. 120ని ముగ్గురికి 40 చొప్పున, నలుగురికి 30 చొప్పున, అయిదుగురికి 24 చొప్పున పంచవచ్చు. 52 ముక్కల పేకను ముగ్గురికి పంచితే ఒకటి మిగులుతుంది. అది ఎవరిదన్న తగవు అక్కడే మొదలవుతుంది.

ఆట ఎవరు మొదలుపెట్టాలన్న దానిలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. ఎనిమిది రంగుల ఆటలో పగలైతే సూర్యునికి గుర్తయిన సుర్ఖ్ రంగు రాజు, రాత్రయితే చంద్రునికి గుర్తయిన సఫేద్ రంగు రాజు ఎవరి చేతిలో ఉంటే వారే మొదటి ముక్క వేస్తారు. దశావతారంలో పగలు రాముడు, రాత్రి కృష్ణుడు. కొలువులో ప్రభువుతో కలిసి కూర్చున్న ఉద్యోగి పరిస్థితి ఊహించండి. ముందు మీరే వెయ్యండి ప్రభూ అనవలసిన ఇబ్బంది అతనికి లేదు. హోదాకు దక్కవలసిన మొదటి ఆట ముక్కకు దక్కింది.

ఇక అంకెల వరుస. సగం రంగుల్లో మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి అన్నిటికన్నా చిన్నది. మిగతా సగంలో వరుస తిరగబడుతుంది: ఒకటి పెద్దది, పది చిన్నది. దీన్ని న్యాయం కోసం చేసిన ఏర్పాటుగా చెప్పాలని మాకూ అనిపించింది గాని లెక్క ఒప్పుకోదు. వరుస ఎటు తిప్పినా ఒక్కొక్క రంగులో మెట్లు పన్నెండే, మంచి ముక్క వచ్చే అవకాశం మారదు. మారేది జ్ఞాపకం మీద పడే బరువు. ఏ రంగులో ఏది పెద్దదో, ఏవి వెళ్లిపోయాయో గుర్తుంచుకున్నవారు నెగ్గుతారు. పంపకం చేసిన అన్యాయాన్ని సరిదిద్దుకోవడానికి ఆటగాడికి అది ఒక దారి.

వెల సంగతికి వద్దాం. కొలువుల కోసం దంతం, తాబేటిచిప్ప వంటివాటి మీద బంగారు పూతతో ముక్కలు చేసేవారు. దానికి దర్బారు కలమని పేరు. జనం కోసం చేసింది బజారు కలం. ఒరిస్సా చిత్రకారుల పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. పాత నూలుబట్టను చింతగింజల జిగురుతో పొరలుగా అంటించి, సుద్దపొడి పూసి, ఆరాక నున్నగా రుద్ది, గుండ్రంగా కత్తిరిస్తారు. తరువాత రంగులు వేసి లక్క పూస్తారు. అక్కడ ఆటలను అఠరంగి, దశరంగి అని రంగుల సంఖ్యతోనే పిలుస్తారు. ముక్క నేల రంగును బట్టే అది ఏ జాతిదో తెలుస్తుంది కనుక బొమ్మను నాలుగు గీతల్లో ముగించవచ్చు. గీత తగ్గితే కూలి తగ్గుతుంది. గుండ్రటి ముక్కకు తలకిందులన్నది లేదు, మాసి చిరిగే మూలలూ లేవు.

ఇంత చదివాక మేము తరగతిలో ఒక కట్ట తయారుచేయించాం. దళసరి అట్ట కొనకుండా ఇళ్లలో మిగిలిన పాత శుభలేఖలు తెప్పించి, బొట్టుపెట్టె మూత కొలతగా పెట్టి 96 చక్రాలు కోయించాం. జిగురుకు, రంగులకు తప్ప ఖర్చు కాలేదు. రెండో ఆటకే ఒక అమ్మాయి వరసగా నెగ్గడం మొదలుపెట్టింది. కారణం అడిగితే దాచకుండా చెప్పింది. ముక్కల వెనక శుభలేఖల అచ్చు ఉంది. వరుని పేరులో సగం కనిపించిన ముక్క సుర్ఖ్ రాజని ఆమె పసిగట్టింది. ఆ సాయంత్రమే అన్నిటి వెనకా ఒకే ఎర్రరంగు దట్టంగా పూయించాం. చిత్రకారులు ముక్కల వెనక వైపు ఏకరంగుగా ఎందుకు ఉంచుతారో పుస్తకం చదివినప్పటి కన్నా అప్పుడు బాగా అర్థమైంది.

మైసూరులో ఇందుకు ఎదురు నడక జరిగింది. మూడవ కృష్ణరాజ ఒడెయరు 1831లో పరిపాలనాధికారం ఆంగ్లేయుల చేతికి పోయాక ఎక్కువ కాలం కళల్లో, ఆటల్లో గడిపాడు. చదగా పిలిచే ముక్కల ఆటలు అనేకం కూర్చాడు. శ్రీతత్త్వనిధిలోని కౌతుకనిధిలో వాటి వర్ణన ఉంది. కొన్నిటికి 36 ముక్కలు, కొన్నిటికి 360 దాకా. బొమ్మల దృష్టితో అవి అపురూపమే. కాని 360 ముక్కలను ఏ చిత్రకారుడు చవకగా ఇవ్వగలడు, ఏ రైతు చేత పట్టగలడు? అవి రాజభవనం దాటి పెద్దగా రాలేదు.

బజారు గంజీఫాను దెబ్బతీసింది కూడా చవకే. యంత్రాల మీద అచ్చయిన విదేశీ పేక, చేత్తో గీసిన కట్టను వెలలో ఓడించింది. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో ఈ పని దాదాపు ఆగిపోగా రాజకుటుంబానికి చెందిన శివరామ రాజె భోంస్లే, సత్వశీలాదేవి 1970లలో దాన్ని నిలబెట్టారు. మన తెలంగాణలోని నిర్మల్ నకాషీలు కూడా ఒకప్పుడు ఈ ముక్కలు చేసినవారే. ఇప్పుడు దొరికే కట్టలు ఎక్కువగా చూడడానికి కొనేవి. వెల ఆటగాడికి అందదు. బొమ్మ బతికింది గాని నియమాలు ముసలివారి దగ్గరే ఉన్నాయి, అవి ఊరికొక తీరు.

మీలో పర్లాకిమిడి, బరంపురం వైపు ఇళ్లున్నవారికి ఒడియా వచ్చు. పర్లాకిమిడిలో కూడా గంజీఫా చేసేవారు. పక్కింటి భాషను నోటినుంచే నేర్చి రాసిపెట్టడం గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషకు చేసిన పని, అదీ ఆ ఊళ్లోనే. సెలవులకు వెళ్లినప్పుడు ఆట తెలిసిన పెద్దలు కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసి రాసుకు రండి: రాత్రి ఎవరు మొదలుపెడతారు, ఏ రంగుల్లో ఒకటి పెద్దది, ముక్క పోతే ఏం చేస్తారు. మూడోదానికి మాకూ జవాబు కావాలి. మా శుభలేఖల కట్టలో రెండు ముక్కలు పోయాయి. కొత్తవి కోసి పెట్టాం గాని వాటి వెనక రంగు ఇంకా మాయలేదు. చేతిలో ఉండగానే అందరికీ తెలిసిపోతున్నాయి.