గోదావరి డెల్టాలో చిరు ఆహార తయారీదారులకు ప్రభుత్వ గ్రాంటు: విధివిధానాలు

గోదావరి డెల్టాలో ఆహార పదార్థాల తయారీ చాలావరకు కుటీర పరిశ్రమగానే కొనసాగుతున్నది. ఆత్రేయపురం పూతరేకులు, మామిడి తాండ్ర, తాపేశ్వరం కాజా, కొబ్బరి ఉత్పత్తులు ఇందుకు ఉదాహరణలు. నమోదు పత్రాలు, లెక్కల పుస్తకాలు లేని చిన్న యూనిట్లకు బ్యాంకు రుణం లభించడం కష్టం. ఈ లోటును తీర్చే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకాన్ని (పీఎంఎఫ్ఎంఈ) ప్రారంభించింది. దేశవ్యాప్తంగా 2 లక్షల యూనిట్లకు చేయూత లక్ష్యంగా రూ. 10,000 కోట్ల వ్యయంతో దీనిని రూపొందించారు. కేంద్ర, రాష్ట్రాల వాటా 60:40. తొలుత 2024-25 వరకు నిర్దేశించిన గడువును 2025-26 వరకు పొడిగించారు. రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీని నోడల్ సంస్థగా నియమించారు.

వ్యక్తిగత యూనిట్లు

మార్గదర్శకాల ప్రకారం అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో సబ్సిడీ 35 శాతం; గరిష్ఠ పరిమితి రూ. 10 లక్షలు. లబ్ధిదారు వాటా కనీసం 10 శాతం. ఉదాహరణకు రూ. 20 లక్షల ప్రాజెక్టుకు సొంత వాటా రూ. 2 లక్షలు, సబ్సిడీ రూ. 7 లక్షలు. అయితే సబ్సిడీ సొమ్ము నేరుగా చేతికి అందదు. రుణమిచ్చిన బ్యాంకులోని ప్రత్యేక ఖాతాలో అది నిలిచి ఉంటుంది. రుణం చివరి విడత విడుదలైన 3 సంవత్సరాల తర్వాత, యూనిట్ నడుస్తూ వాయిదాల చెల్లింపు సక్రమంగా ఉంటేనే రుణానికి జమ అవుతుంది. ఈలోగా ఖాతా మొండి బకాయిగా మారితే ఆ సొమ్మును బ్యాంకు బకాయి కింద సర్దుబాటు చేసుకుంటుంది. కావున మంజూరైన సబ్సిడీని, లబ్ధిదారు రుణానికి జమ అయిన సబ్సిడీని వేర్వేరుగా పరిగణించవలసి ఉంటుంది.

మహిళా సంఘాలు

బోర్లించిన వేడి కుండపై బియ్యపు జావతో పూతరేకు తీసే పని ప్రధానంగా గ్రామీణ మహిళలది. ఇట్టి వారికి స్వయం సహాయక సంఘాల ద్వారా సభ్యురాలికి రూ. 40,000 వరకు మూలధనం ఇచ్చే వీలును పథకం కల్పించింది. గ్రాంటు సంఘాల సమాఖ్యకు చేరుతుంది. సభ్యులకు అది రుణంగా అందుతుంది. నిర్వహణ ఖర్చులకు, చిన్న పనిముట్లకు దీనిని వినియోగించుకోవచ్చు.

పంపిణీ, మార్కెటింగు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు పేరుకు రక్షణ కల్పిస్తుంది కాని, దూర ప్రాంతాల మార్కెట్లకు సరుకును చేర్చదు. తేమకు మెత్తబడి, ఒత్తిడికి విరిగిపోయే రేకుకు తగిన ప్యాకింగు, లేబులు, ఆహార భద్రతా నమోదు అవసరం. ఉమ్మడి బ్రాండింగు, మార్కెటింగు వ్యయంలో 50 శాతం వరకు ఉత్పత్తిదారుల సంస్థలకు, సంఘాలకు, సహకార సంస్థలకు సాయంగా నిర్ణయించారు.

గమనిక

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. ఆత్రేయపురం అప్పటినుంచి కోనసీమ జిల్లాలో ఉన్నది. కనుక అంతకు ముందరి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల గణాంకాలను అవే పేర్లతో ఉన్న నేటి జిల్లాల గణాంకాలతో నేరుగా పోల్చరాదు.