షెట్లాండు శాలువ

స్కాట్లండునకు ఉత్తరమున సముద్రమధ్యమున షెట్లాండు ద్వీపములు కలవు. అందు అన్‌స్ట్ అను ద్వీపపు స్త్రీలు 19వ శతాబ్దమున అల్లిన లేసు శాలువలు మిక్కిలి ప్రసిద్ధములు. గొఱ్ఱె మెడయందలి మెత్తని ఉన్నిని కత్తిరింపక చేతితో పెఱికి, సన్నని దారముగా వడకి, సూదులతో అల్లెడివారు. ఆఱడుగుల చదరపు శాలువ ఉంగరములో దూరిపోవును. అల్లినంతమాత్రమున పని ముగియదు. అప్పటి కది ముడుతలుపడిన గుడ్డవలె నుండును. దానిని ఉతికి, తడిగా నుండగనే అంచు కొనలను కొయ్యచట్రమునకు లాగి కట్టి ఆరవేసినచో, లోని పువ్వులన్నియు విచ్చుకొనును.

ఇంతటి పనికి కూలి యేమి? వర్తకుడు నాణెములీయక తేయాకును, గుడ్డను ఇచ్చెడివాడు. ఇంట పిండి లేని స్త్రీ ఆ తేయాకునే మరల పిండికి మార్చుకొనవలసివచ్చెను. 1872 నాటి ప్రభుత్వ విచారణలో ఆ స్త్రీలే ఈ సంగతి వాఙ్మూలముగా చెప్పిరి. 1887లో చట్టము వచ్చినను ఆ యాచారము వెంటనే తొలగలేదు.

నేను బడిలో చెప్పిన చరిత్రయందు శాలువ కప్పుకొన్న రాణులు కలరు; అల్లిన చేతులు లేవు. ఆ విచారణ పత్రములలో మాత్రము ఆ చేతులే మాటలాడుచున్నవి. పనికి తగిన కూలిని, పనిచేసినవారికి అక్కఱకు వచ్చు రూపమున ఇచ్చుటయే న్యాయమని నేను తలంతును.