గిటార్ పెచ్చు ఊడిందా? ముందు అది ఏ ఏడాదిదో చూడండి

"అన్నా, స్టాండ్ మీంచి ఎలక్ట్రిక్ గిటార్ పడింది, పెయింట్ పెచ్చు ఊడింది, ఫెవిక్విక్ వేసెయ్యొచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే. అది ఏ ఏడాది గిటార్? ఎందుకంటే పెయింట్ చరిత్రని బట్టి రిపేర్ మారిపోతుంది.

కథ తుపాకీ మందుతో మొదలవుతుంది. 1846లో షోన్‌బైన్ అనే కెమిస్ట్, దూదిని యాసిడ్లతో కలిపితే పేలే పదార్థం వస్తుందని చూపించాడు. అదే గన్ కాటన్. దాని కెమికల్ పేరు నైట్రోసెల్యులోజ్. మన మూకీ సినిమాల రీళ్లు కూడా ఈ కుటుంబమే, అందుకే నిప్పు అంటే అంత భయం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దీన్నే కారు పెయింట్‌గా మార్చి 'డ్యూకో' అని అమ్మింది. వారాలు పట్టే పెయింటింగ్ పని గంటల్లోకి వచ్చేసింది. మన కార్పెంటర్లు కబోర్డులకి "డ్యూకో కొట్టాలా సార్" అంటారు చూడండి, ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే.

కట్ చేస్తే, 1950ల కాలిఫోర్నియా. లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. కొన్నాళ్లకి కస్టమ్ కలర్స్ మొదలయ్యాయి, ధర మీద 5 శాతం ఎక్స్‌ట్రా. కొత్త రంగులు కనిపెట్టే పని పెట్టుకోలేదు, కార్ల రంగులే తీసుకున్నారు. ఫియెస్టా రెడ్ అంటే ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు, లేక్ ప్లాసిడ్ బ్లూ అంటే కాడిలాక్ రంగు.

ఈ లాకర్‌లో గమ్మత్తు ఏంటంటే, ఇది కేవలం సాల్వెంట్ ఆవిరైపోయి ఆరుతుంది, అంతే. పదేళ్ల తర్వాత కొత్త చుక్క వేసినా పాత పొర కాస్త కరిగి దాంతో కలిసిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కాన్‌ఫ్లిక్ట్ లేని మెర్జ్! ఓపిక మాత్రం కావాలి. ఆరేకొద్దీ కుంగిపోతుంది కాబట్టి చుక్క మీద చుక్క వేస్తూ, ఆఖర్న కొన్ని వారాలు వదిలేసి అప్పుడు రుద్దాలి.

1965లో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ని 1.3 కోట్ల డాలర్లకి కొనేసింది. 1968 ప్రాంతంలో పాలియెస్టర్‌కి మారారు. మందంగా, గాజులా మెరుస్తుంది. ఇది రసాయన చర్యతో గట్టిపడుతుంది, ఒకసారి బిగిసిందంటే మళ్లీ కరగదు. దెబ్బ తగిలితే కోడిగుడ్డు పెంకులా లేచిపోతుంది. ఈరోజు మన షాపుల్లో దొరికే మామూలు గిటార్లు ఎక్కువగా ఇలాంటి పాలీ ఫినిషే. వీటికి సూపర్ గ్లూ కరెక్ట్. ఇంకో ట్విస్ట్, ఈ గ్లూ కెమికల్ కూడా 1942లో తుపాకీ సైట్ల కోసం ప్లాస్టిక్ వెతుకుతుంటే కోడాక్ ల్యాబ్‌లో బయటపడింది. దేనికి పడితే దానికి అంటుకుంటోందని అప్పుడు పక్కన పడేశారు!

చెక్క కనిపిస్తుంటే ముందు రంగు అద్దండి, గ్లూ పారదర్శకం కదా. తర్వాత చుక్క చుక్కగా, చుట్టూ ఉన్న ఫినిష్ కంటే కాస్త ఎత్తు వచ్చేదాకా నింపండి. పూర్తిగా ఆరాక బ్లేడు రెండు చివర్లకీ టేపు అంటించి, ఎత్తున్న చోట మాత్రమే గీకండి. 1000, 2000 నంబర్ వాటర్ పేపర్, ఆఖర్న పాలిష్. అనుమానం ఉంటే నెక్ కింద, కనపడని చోట దూదితో అసిటోన్ కొంచెం తాకించండి. జిగురుగా అయితే లాకర్, ఏమీ కాకపోతే పాలీ.

మరి నిజంగా పాత లాకర్ గిటార్ మీ చేతికొస్తే? నా మాట వింటే ముట్టుకోకండి. మొత్తం గీకి కొత్త రంగు కొడితే ధర సుమారు సగం పోతుందని మార్కెట్ లెక్క. ఐర్లాండ్ గిటారిస్ట్ రోరీ గలాహర్ 1961 స్ట్రాట్ దొంగల పాలై, వానలో నానుతూ గుంటలో దొరికింది. దాని పెయింట్ దాదాపు అంతా ఊడిపోయింది, ఆయన అలాగే వాయించాడు. 1990లలో ఫెండర్ కావాలని అరగదీసిన కొత్త గిటార్లు ఎక్కువ రేటుకి అమ్మడం మొదలుపెట్టింది, రోరీ గిటార్ కాపీ కూడా చేసింది. చిరుగుల జీన్స్ లాజిక్ అన్నమాట, నాకైతే ఎక్కదు.

గ్లూ పని కిటికీ తీసి చెయ్యండి, కళ్ల దగ్గర జాగ్రత్త. వేళ్లు అతుక్కుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బు నీళ్లలో పెట్టండి. ఉంటాను మరి, బై!