గర్భస్థ శిశుస్థితి

ప్రసవమునకు పూర్వము మాతృగర్భమునందు శిశువు ఏ రీతిని అమరియున్నదో నిర్ణయించుట ప్రసూతిశాస్త్రమున ప్రధానాంశము. 28వ వారమున ఇంచుమించు నాల్గవవంతు శిశువులు ఎదురుకాళ్లతో నున్నను, తరువాత వారిలో అధికభాగము తమంత తామే తిరుగుటచే, నెలలు నిండునప్పటికి అట్టివారు నూటికి ముగ్గురు నలుగురే మిగులుదురు. కావున ఏడవ నెల స్కానింగు చూచి దిగులుపడ నక్కఱలేదు.

సికిందరాబాదు గాంధీ ఆసుపత్రి వంటి బోధనాసుపత్రులలో, యంత్రములెన్ని వచ్చినను, జర్మన్ వైద్యుడు లియోపోల్డు పేర ప్రసిద్ధమైన హస్తపరీక్షను విద్యార్థులు నేటికిని అభ్యసింతురు. ఇది మిక్కిలి ఉచితము. ఆ పరీక్షలో గర్భాశయపు పైకొనయందు మెత్తగా, వెడల్పుగా తగిలినది పిరుదులు. గట్టిగా, గుండ్రముగా, వ్రేళ్ల నడుమ అటునిటు కదలునది తల. ఒక ప్రక్క నున్నగా సాగినది వెన్ను, రెండవ ప్రక్క బుడిపెలుగా తోచునవి కాలుసేతులు. తల క్రిందుగా నున్నచో గుండెచప్పుడు సాధారణముగా తల్లి బొడ్డునకు దిగువను, ఎదురుకాళ్లైనచో బొడ్డుకడనో ఎగువనో స్ఫుటముగా వినవచ్చును.

36, 37 వారముల పిదపను ఎదురుకాళ్లతోనే యున్న బిడ్డను నిపుణులు పైనుండి చేతులతో త్రిప్ప యత్నింతురు; ఇది సుమారు సగము మందియందు ఫలించును. నొప్పులనాటికి బిడ్డ అడ్డముగనే యున్నచో బొడ్డుత్రాడు జాఱుట, గర్భాశయము చిట్లుట సంభవింపవచ్చును గావున, అట్టి గర్భిణికి కడుపు తోమించక, శస్త్రచికిత్సా సౌకర్యముగల ఆసుపత్రికి ముందుగనే చేర్పవలెను.